ఏనుగులు తోడిన చెలమ

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నేనిప్పుడు ఉగాండా ఉత్తర కొసన, కరమోజాలో బోర్లు వేసే లారీ మీద పనిచేస్తున్నాను. మొన్న ఆదివారం మన పామిడి ఓబులేసుతో కలిసి కిడెపో అడవి చూడడానికి వెళ్లాను.

దారిలో ముళ్లకంచె వేసుకున్న పశువుల కాపరుల ఊరొకటి చూపించారు. మాలాంటి వాళ్లకు చూపించడానికే కట్టారేమోనని, పేడ తడిగా ఉందో లేదో కూడా చూశాను. తడిగానే ఉంది.

తర్వాత గైడు ఎండిపోయిన ఏటి దగ్గర జీపు ఆపి ఏదో చెప్పాడు.

"ఈడ నీళ్లుండాయంటాండాడన్నా," అన్నాడు ఓబులేసు.

నాకు ఒళ్లు మండింది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని మన చేనంతా తిరిగిన పెద్దమనిషి కూడా ఇదే మాట అన్నాడు కదా. నాలుగో బోరులోనూ దుమ్మే లేచినప్పుడు నువ్వు, "నీళ్లుండాయని చెప్పేవాన్ని యాడా నమ్మొద్దురా," అన్నావు.

అంతలో ఏనుగులు వచ్చాయి. పెద్దది కాలితో ఇసుక తవ్వింది, మనం పెన్నలో చెలమ తోడినట్టే. పిల్ల ఏనుగు ఆ గుంటలో తొండం పెట్టింది. అయినా నా అనుమానం తీరలేదు. అవి వెళ్లిపోయాక, గైడు అరుస్తున్నా వినకుండా దిగి, మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాను.

చల్లగా ఉన్నాయి నాయనా. ఈసారి మనల్ని ఎవరూ మోసం చెయ్యలేదు.