బాపు ముందు పెట్టాల్సిన రమ్ము

అంజన్, లేవగానే నాంపల్లి స్టేషన్ దగ్గరి వైన్స్‌కు వెళ్లు. పదింటికి తెరుస్తారు. రమ్ము సీసా తీసుకో, బాపు తాగే నల్లదే. అమ్మ విస్తరి వడ్డించేలోపు అది బాపు ఫోటో ముందు ఉండాలి. ఈరోజు పెత్రమాస, పోయిన పెద్దలకు పెట్టే అమావాస్య అని నీకు అసలు గుర్తుందా?

చనిపోయిన మనిషికి ఏడాదికి ఒక్కసారి పెట్టే సీసా అది. బియ్యం డ్రమ్ము వెనక దాస్తే రాత్రి వెతికి మరీ తీశావు. ఫోన్‌లో వీడియో చూసుకుంటూ సగం గ్లాసు రమ్ములో పైనాపిల్ రసం, నారింజ రసం కలిపి, పైన కాగితం గొడుగు గుచ్చి దోస్తులకు పోశావు. ఐసు దంచడానికి నీకు అల్లం వెల్లుల్లి రోలే దొరికిందా? గ్లాసులన్నీ వెల్లుల్లి కంపు! అన్నీ నువ్వే కడుగు.

నిలదీస్తే "గది ఊకెనే పడున్నది గదక్కా, ఇంకోటి తెస్త తియ్" అన్నావు. ఊరికే రాలేదురా అది. వైన్స్ ముందు మగవాళ్ల లైన్లో నిలబడి, అందరూ నన్నే చూస్తుంటే కొన్నాను. ఈసారి నువ్వు నిలబడు.

సుల్తాన్ బజార్ షాపు నుంచి ఒంటిగంటకు వస్తాను. అమ్మకు ఏమీ చెప్పకు.

— అక్క

ఇంకో మాట. దవాఖానలో ఆఖరి రోజు బాపు "జర ఒక్క మూతెడు పొయ్యవా బిడ్డా" అని నన్నే అడిగాడు. పోయలేదు, పైగా తిట్టాను. అందుకే ఏటా నేనే కొంటాను. సీసా తెచ్చిపెట్టు, మూత మాత్రం తియ్యకు. నేనొచ్చి పోస్తాను.