పుష్పమలర్ అక్క బొట్టు

నవంబర్ 9, కొలంబో

మంత్రి టీకి పిలిచాడు. బిల్లుకి ఓటేస్తే పాలైయడి నుంచి సైన్యం క్యాంపు ఎత్తేస్తారట. మా ఊరు. యుద్ధం అయిపోయినప్పటి నుంచి మావాళ్ళు ముళ్ళకంచె ఇవతల రేకుల షెడ్లలో పడి ఉన్నారు. బిల్లేమో, యుద్ధంలో కనబడకుండా పోయినవాళ్ళంతా చట్టప్రకారం చనిపోయినట్టే అంటుంది. ఫైళ్ళు క్లోజ్.

"తమిళ సభ్యుడి ఓటు ఒక్కటైనా ఉంటే అందంగా ఉంటుంది తమ్ముడూ" అన్నాడు. ఒళ్ళు మండింది. అయినా టీతో ఆయనిచ్చిన కితుల్ చెట్టు బెల్లం ఇంకో ముక్క తీసుకున్నాను.

నవంబర్ 11, షెడ్ల దగ్గర

పుష్పమలర్ అక్క మొగుడు యోగనాదన్ బావ యుద్ధం చివరి వారంలో సైన్యానికి లొంగిపోయాడు. అక్క కళ్ళముందే బస్సెక్కించారు. అంతే, మళ్ళీ కబురు లేదు. అక్క తాళి తియ్యలేదు, బొట్టు మానలేదు.

ఆవిరి మీద ఉడికిన బియ్యప్పిండి పుట్టు వడ్డిస్తూ అంది, "ఓటేసొచ్చి నువ్వే చెప్పరా తమ్ముడూ. ఇది ఉంచుకోనా, తుడుచుకోనా?"

పక్క షెడ్డు ముసలామె అన్నపిళ్ళై ఆచ్చి వదల్లేదు. "నీ ఉపన్యాసాలు నాకెందుకయ్యా? పోయేలోగా కంచె అవతలున్న మా బావి నీళ్ళు తాగించు చాలు" అంది.

ఇద్దరిదీ న్యాయమే. అదే నా ఖర్మ.

నవంబర్ 15, పార్లమెంటు

తమిళంలో మాట్లాడాను. బావ పేరు చెప్పాను. ఎదుటి బెంచీల్లో అనువాదం వినే హెడ్‌ఫోన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకాయన పెట్టుకుని, సర్దుకుని, తీసేశాడు. నేను ఎవరికి చెబుతున్నట్టు?

తర్వాత ఓటింగ్. నా పేరు పిలిచారు. అవునన్నాను.

నవంబర్ 16

అక్క ఫోన్. ఎత్తలేదు.

డిసెంబర్ 3, పాలైయడి

కంచె తీశారు. ఆచ్చి బావి దగ్గరికి పరిగెత్తినంత పని చేసింది. అది చూసి ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

మా ఊళ్ళో పెద్దమనిషి ఎవరొచ్చినా ముత్తయిదువలే హారతి ఇవ్వాలి. మొదటి పళ్ళెం ఎప్పుడూ అక్కదే. ఇవాళ కూడా పట్టుకుని నిలబడింది, నుదుట ఇంత బొట్టుతో. పక్కన సైనికాధికారులు, కెమెరాలు.

"చెప్పరా. హారతి ఇవ్వనా, పక్కకి తప్పుకోనా?" అంది అందరిముందూ.

పార్లమెంటులో గంటసేపు మాట్లాడేవాణ్ణి. కెమెరాల వైపు తిరిగాను.

అక్క పళ్ళెం నేలమీద పెట్టి తన ఇంట్లోకి వెళ్ళిపోయింది. నాకు ఇంకెవరో బొట్టు పెట్టారు.

డిసెంబర్ 10

అక్క ఫోన్. ఎత్తాను. గేటుకి పాత రంగే వేయించమంది, లేకపోతే బావ తిరిగొచ్చినప్పుడు ఇల్లు గుర్తుపట్టలేడట. నీలం.

సరే అన్నాను.