ఎర్రబడిన గడప

అక్కయ్యకు నమస్కారాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు కులాసాయేనా? దేవుడి దయవల్ల నేనూ, శ్రావణీ ఇక్కడ ఆరోగ్యంగానే ఉన్నాం, కంగారు పడకు. మనసే ఒకచోట నిలవడం లేదు.

టెక్సాస్‌లో ఈ నది ఒడ్డుకు వచ్చాక మన కూరలు దొరకవు. ఎండ మాత్రం అచ్చం రోహిణి కార్తే. నది అవతల మెక్సికో. ఇవతల శ్రావణి వాళ్ళు బాగుచేస్తున్న పాత రాతి ఇల్లు, మన బురుజులాంటిదే. రెండు మూరల మందం గోడలు, ఒకటే తలుపు. కిటికీలు లేవు, తుపాకీ గొట్టం పట్టే సందులే. దాడి జరిగితే అందరూ పైఅంతస్తుకెక్కి నిచ్చెన లాగేసుకునేవారట. కట్టినప్పుడు ఇదంతా మెక్సికోయేనట. ఇల్లు కదల్లేదు, సరిహద్దే దాన్ని దాటి నది దాకా వచ్చింది.

మొన్న శుక్రవారం నేనూ వెళ్ళాను. అంతమందిని కాచిన ఇంటి గడప బోసిగా ఉంటే ప్రాణం ఒప్పలేదు. పర్సులో పసుపు ఉంది, తడిపి రాశాను. ముందురోజే అక్కడ కొత్త సున్నం పూశారని నాకేం తెలుసు? పసుపు సున్నం కలిసి, చూస్తుండగానే గడపంతా దిష్టి తీసే ఎర్రనీళ్ళ రంగుకు తిరిగింది.

మేస్త్రీ రోసా "బ్లడ్! బ్లడ్!" అని అరిచింది. శ్రావణి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా! ఇది హిస్టారిక్ హౌస్, నీ పూజగది కాదు! సోమవారం ఇన్‌స్పెక్షన్. ప్రాజెక్ట్‌లోంచి తీసేస్తే నా వీసా ఏమవుతుంది?"

"ఇంట్లోవాళ్ళు చల్లగా ఉండాలనే కదే రాశాను."

"ఈ ఇంట్లో ఎవరూ లేరమ్మా!"

నేను పసుపు ఎందుకు రాశానో శ్రావణి ఇంగ్లీషులో చెబితే రోసా నవ్వేసింది. తలుపు పైరాయి మీద ఇల్లు కట్టినవాళ్ళు రక్షగా గీసుకున్న శిలువ చూపించి, "సేమ్, సేమ్" అంది.

నిన్నంతా శ్రావణి ఆ సున్నం గీకి కొత్తది పూసింది. నేను నీళ్ళు అందించాను. ఒక మూల రాయిలోకి దిగిన ఎరుపు మాత్రం పోలేదు. పైవాళ్ళకు 'తప్పు నాదే' అని రాసింది, నా పేరెత్తలేదు. అప్పట్నుంచీ నాకు ముద్ద దిగడం లేదక్కా.

ఈ ఉత్తరం ఫోన్‌లో పంపుతున్నాను, ఇవాళే అందుతుంది; రేపు సోమవారం దీపం పెట్టినప్పుడు శ్రావణి పేరు తలుచుకో. పెద్దమ్మకు నా దండాలు. ఎవరైనా ఇటు వస్తుంటే అప్పడాలు పంపు. పసుపు వద్దు, ఉన్నది చాలు.

నిన్న పని ముగించి వస్తూ, నాతో మాట్లాడకుండానే, శ్రావణి ఆ గడప తొక్కకుండా దాటింది. నేను చూడనట్టే ఊరుకున్నాను.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
రమణ