విమానాల ఆటలో గాలి

సైదులూ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున మీ ఇంటికి వెళ్లి అమ్మను చూసి వచ్చాను. ఇక అసలు సంగతి విను. మిర్యాలగూడలో మా బావ టీవీకి తగిలించే వీడియో గేమ్ కొన్నాడు. అందులో మన విమానాల ఆట ఉంది.

సూర్యాపేట బస్టాండు పక్క వీడియో గేమ్‌ల షాపులో పెద్ద మిషన్ మీద ఆ ఆట ఆడుతుంటే విమానం ఎప్పుడూ ఎడమకు జరిగిపోయేది కదా. హ్యాండిల్ లూజైందని నేనంటే నువ్వు ఒప్పుకునేవాడివి కాదు.

"గాలిరా అది. తెర మీద సముద్రం ఒడ్డున కొబ్బరిచెట్లు ఎట్ల వంగినయో సూడు."

నీ మాట నమ్మి షాపుకొచ్చే వాళ్లందరూ హ్యాండిల్‌ను కుడికి నొక్కిపట్టి ఆడేవాళ్లు. నమ్మకపోయినా నేనూ అలాగే ఆడేవాణ్ణి.

నిన్న బావ ఇంట్లో కూర్చున్నాను. బొమ్మలు చిన్నవి, రంగులు వెలిసిపోయినట్టున్నాయి, బాంబు పేలితే పోపులో ఆవాలు చిటపటమన్నట్టుంది. కానీ బటన్ వదిలేస్తే విమానం తిన్నగా పోయింది. హ్యాండిల్ వాదనలో నేనే గెలిచానని ఎగిరి గంతేశాను. తీరా చూస్తే ఒడ్డున కొబ్బరిచెట్లే లేవు. "చెట్లు తీసేసినోడు గాలిని ఉంచుతడా?" అని నువ్వు పక్కనుంచి అడిగినట్టే అయింది.

మళ్లీ మొదలుపెట్టాను. మూడు విమానాలూ కుడి అంచుకే పోయి కూలాయి.

"తిన్నగ పోతుంటే ఊకె కుడికెందుకు నొక్కుతున్నవ్?" అన్నాడు బావ.

"గాలి ఉన్నది బావా" అన్నాను.