నడక ఆపినా తగ్గుతున్న బరువు

ఏవండీ, అన్నం, కూర మూతపెట్టి ఉంచాను, కడుపునిండా తినండి. సాయంత్రం షాపు తొందరగా మూసేసి నేరుగా డాక్టరు గారి దగ్గరికి వచ్చేయండి. కొత్త రిపోర్టులు చూసి, "ఆయన్ని ఇవాళే రమ్మనండమ్మా" అని ఫోన్ చేశారు. నేను ముందే వెళ్తున్నాను.

తిండి తగ్గించి, నడక మొదలుపెట్టి సన్నబడ్డారు, షుగరు దిగింది, సంతోషించాను. కానీ మోకాలి నొప్పితో నడక మానేసి ఎన్నాళ్లయింది? తిండీ మళ్లీ పాత దారికే వచ్చింది. అయినా ప్యాంట్లు జారిపోతూనే ఉన్నాయి. "చూశావా, నేను మానేసినా నా ఒళ్లు మానలేదు" అని మీరేమో మురిసిపోతున్నారు. నాకు నవ్వు రావట్లేదండీ.

అన్నట్టు, మీరు అద్దం ముందు పొట్ట తడుముకునేటప్పుడు వెనకాల నేనూ ఉంటాను. ఒక్కసారి నా మొహం కూడా చూడండి.