అడుగున మిగిల్చిన పాలు

మత్తిగిరి

జవళగిరిలోని అక్క లక్ష్మమ్మ పాదాలకు తమ్ముడు గోపాలు నమస్కారాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ దగ్గు ఎలా ఉంది? ఆవు ఈనిందా? నేనిక్కడ బాగున్నాను. నిజంగానే బాగున్నాను, ఈసారి ఊరికే రాసే మాట కాదు.

అంగడి మూసి కూతురింటికి వచ్చి నాలుగు నెలలైంది. తెల్లవారితే మంచు, చలి. ఏడు కొట్టేసరికి సరస, అల్లుడు ఫ్యాక్టరీ బస్సెక్కేస్తారు. తర్వాత నాతో మాట్లాడేది కుక్కరొక్కటే. దానికీ మూడు కూతలకు మించి ఓపిక లేదు.

నీకు దాచిన సంగతొకటి ఉంది. కాళ్లు వాచాయని సరస నన్ను హోసూరులో డాక్టరమ్మకు చూపించింది. ఒక రోజు మూత్రమంతా పట్టి తెమ్మన్నారు, అందులో ప్రోటీన్ ఎంత పోతోందో చూస్తారట. వాళ్లిచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో లోపలిదంతా కనబడుతుంది. అల్లుడు తిరిగే ఇంట్లో దాన్నెక్కడ పెట్టేది? ఊరినుంచి తెచ్చుకున్న స్టీలు పాల క్యాను గుర్తొచ్చింది. పొద్దున పాలు గిన్నెలోకి వంచి, ఆ క్యానులోనే పట్టి, మరునాడు డబ్బాలో పోసి ఇచ్చాను.

ప్రోటీన్ విపరీతంగా ఉందన్నారు. కిడ్నీలోకి సూది దించి చిన్న ముక్క తీసి చూడాల్సి రావచ్చట. నలభై ఏళ్లు బియ్యం మూటలు మోసిన నడుము ఆ మాటకే వణికింది.

"దానికి ముందు ఆ ప్రోటీన్ ఏ రకమో విడదీసి చూస్తామప్పా. కొందరికి సూది అవసరమే పడదు" అంది డాక్టరమ్మ.

అది నాకు వెంటనే అర్థమైంది, కిడ్నీ జల్లెడ లాంటిదే కదా. జల్లెడ కింద రాలింది పిండా, రవ్వా చూస్తే చిల్లు ఎంతదో అంగడివాడికి తెలియదా? అయినా ఆ వారమంతా అన్నం సహించలేదు. అంగడి తాళంచెవి ఎవరికివ్వాలా అని కూడా ఆలోచించాను, అంగడే లేదని మరిచిపోయి.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఏమప్పా, దీంట్లో ఎక్కువగా ఉండేది మనిషి ప్రోటీన్ కాదే! పాలల్లో ఉండేది. దేంట్లో పట్టినారు?"

చెప్పాను.

"పాల క్యానులోనా! కడగలేదా నాయనా?" సరస కేక పెట్టింది.

"పాల క్యాను ఒట్టిది ఎట్ల చేస్తామమ్మా? అడుగున గుటకెడు ఉండల్ల కదా, ఇంటికి మంచిది!"

"అయితే మర్నాడు పాలు దేంట్లో తెచ్చినావు?"

"చెంబులో. నేనేమన్నా పిచ్చోడినా?"

డాక్టరమ్మ నవ్వి నవ్వి, కళ్లద్దాలు తీసి కన్నీళ్లు తుడుచుకుంది.

అక్కా, చిన్నప్పుడు పాలగిన్నె బోర్లించానని నా నెత్తిన మొట్టింది నువ్వే. ఆ మొట్టికాయే ఇంత పని చేసింది.

రెండోసారి వాళ్ల డబ్బాలోనే పట్టి అందరి ఎదుటే గూట్లో పెట్టాను. "మామా, మూత గట్టిగా పెట్టినావా?" అన్నాడు అల్లుడు, అంతే. షుగరు వల్ల ప్రోటీన్ కొంచెం పోతోందట, ఇప్పుడు సూది అక్కర్లేదట! కాళ్ల వాపు బీపీ మాత్ర వల్ల వచ్చింది, దాన్ని మార్చారు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష. ఉప్పు తగ్గించమన్నారు కాబట్టి ఊరగాయ పంపకు, అనపకాయలు పంపు. నీకూ షుగరుంది, ఈ పరీక్ష నువ్వూ చేయించుకో. డబ్బా మాత్రం వాళ్లదే వాడు.

సరస పాత క్యాను పారేసి కొత్తది కొనింది. నిన్న పాలు వంచుతుంటే నా చెయ్యి దానంతటదే ఆగింది, గుటకెడు మిగిల్చాను. సరస చూసింది. క్యాను మీద పెద్ద అక్షరాలతో 'పాలు' అని రాసి పోయింది.

బావకు నమస్కారాలు. నీ దీవెన నా నెత్తిన ఆ మొట్టికాయంత గట్టిగా ఉండాలని కోరుకుంటూ,

నీ తమ్ముడు
గోపాలు