మంచు తవ్విన చోటు

జనవరి 12

మోకాళ్ల దాకా మంచు. మా ఆయన యుసేబియో పొద్దున్నే పార పట్టుకుని ఇంటి ముందు కారు పెట్టే చోటు తవ్వాడు. సగం అయ్యాక నగరపాలక సంస్థ మంచు తోసే లారీ వచ్చి రోడ్డు మధ్యలోదంతా తోసుకొచ్చి అక్కడే పోసి పోయింది. మళ్ళీ మొదటినుంచి తవ్వాడు. నడుం పట్టేసింది. వేడినీళ్ల సంచి పెట్టాను. బస్సు డిపోలో డ్యూటీకి వెళ్తూ, ఖాళీ అయిన చోట ఇంకెవరూ కారు పెట్టకుండా వంటింటి పాత కుర్చీ పెట్టి పోయాడు.

ఎదురింటి హలీనా ఇస్త్రీ బల్ల పెట్టింది. పక్కింట్లో ఉండే మా మరిది ఎలాదియో ఈసారి పగిలిన కమోడ్ పెట్టాడు. షికాగో చట్టం ఏమంటుందో నాకు సరిగ్గా తెలియదు. కుర్చీ ఏమంటుందో మా వీధిలో అందరికీ తెలుసు. తవ్వినవాడిదే చోటు.

జనవరి 13

సాయంత్రం యుసేబియో వచ్చేసరికి ఆ చోట ఎర్ర కారు. అరిజోనా నంబరు. కుర్చీ మా గుమ్మం మీద ఉంది. దాని మీది మంచు దులిపి, తలుపు వైపు తిప్పి మరీ పెట్టారు.

చూశావా, నా కుర్చీ నా గుమ్మంలోనే వేసి, ఇక్కడ కూర్చుని ఏడువు అంటున్నాడు అన్నాడు యుసేబియో. విసిరి పారేసినా ఊరుకునేవాణ్ణి, ఇది ఎగతాళి అన్నాడు. ఎలాదియో వచ్చి, పాపం ఎండల్లోంచి వచ్చిన బండి అన్నయ్యా, కాస్త స్నానం చేయిద్దాం అన్నాడు. వంటింటి కుళాయికి పైపు తగిలించి కారు మీదంతా నీళ్లు కొట్టారు. కొట్టింది కొట్టినట్టే గడ్డకట్టింది. తలుపులు, అద్దాలు, చక్రాలు అన్నీ ఒకే ముద్ద.

కుళాయి తిప్పింది నేనే.

జనవరి 14, ఉదయం 8

ఇప్పుడే అయింది. అంతా ముందు గది కిటికీలోంచి చూశాను.

ఎర్ర కారు కుర్రాడు వచ్చాడు. మూలమీది ఇంటి నేలమాళిగలో కొత్తగా దిగిన జంటలో మొగుడు. పేరు వేడ్ అట. కారు చుట్టూ తిరిగాడు. పిడికిలితో తలుపు మీది మంచు బాదాడు. ఎవరు చేశారండీ ఇది అని వీధి మొత్తాన్నీ అడిగాడు. ఎలాదియో తన గుమ్మంలోంచి, వాన పడిందిరా అబ్బాయ్, మీ ఊళ్లో పడదా అన్నాడు. ఇళ్ల మెట్ల మీద నిలబడ్డవాళ్లంతా నవ్వారు.

యుసేబియో పారతో దిగాడు. తియ్ కారు అన్నాడు. ఎలా తియ్యమంటారు, మీకేమైనా పిచ్చా అన్నాడు కుర్రాడు. అతని చేతుల్లో ఏమీ లేదు. తొడుగులు కూడా లేవు.

పార వెడల్పు వైపు అతని చెంప మీద పడింది. చెవి దగ్గర చర్మం లేచి వేలాడింది. కూలబడ్డాడు. చేతులు ఆనించి లేవబోతుంటే రెండోసారి పార అంచు తల వెనక దిగింది. అద్దం ఇవతలికి కూడా వినిపించింది ఆ చప్పుడు. ఎలాదియో వెళ్లి పొట్టలో తన్ని, లేరా, నాటకాలొద్దు అన్నాడు. ముక్కులోంచి నురగతో నెత్తురు వచ్చింది.

అంబులెన్సుకి ఫోన్ చేశాను. నా పేరు చెప్పలేదు.

అదే రోజు, సాయంత్రం

కుర్రాణ్ణి తీసుకెళ్లగానే మగాళ్లంతా ఎర్రబడ్డ మంచు తవ్వి కాలువ కన్నంలో పోశారు. పైన ఉప్పు చల్లారు. మా వీధి ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

తర్వాత, పోలీసులు వచ్చేలోగా, అందరూ మా వంటింట్లో చేరారు. బ్లాక్ క్లబ్‌కి, అంటే మా వీధి సంఘానికి, అధ్యక్షురాలిని నేనే కదా. కాఫీ పెట్టాను. కుర్రాడే ముందు మంచు గీకే ఇనప రేకుతో మీదికొచ్చాడు అన్నాడు ఎలాదియో. హలీనా మాత్రం, నేను టీవీ చూస్తున్నా బాబూ, నాకు చెవుడు కూడా అంది. ఎవరెక్కడ నిలబడ్డారో ఒకరి మాటకి ఇంకొకరి మాటకి పొంతన లేదు. అది నేనే కుదిర్చాను. నువ్వు మెట్ల దగ్గర, నువ్వు గేటు లోపల అని ఒక్కొక్కరికీ చెప్పాను. అలమర సర్దినట్టే సర్దాను. వదినా, నువ్వు లాయరువి కావాల్సింది అన్నాడు ఎలాదియో.

పోలీసులు వచ్చి అదే రాసుకున్నారు.

జనవరి 15

యుసేబియో రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాడు.

జనవరి 16

వేడ్ భార్య వచ్చింది. జనెల్. ఇరవై రెండేళ్లుంటాయేమో. మూలమీది బ్లాక్ క్లబ్ బోర్డులో నా పేరు చూసి వచ్చిందట. కూర్చోమంటే కోటు విప్పకుండానే కూర్చుంది. అతను ఊపిరి యంత్రం మీద ఉన్నాడట.

ఆంటీ, ఇంతమంది ఉన్నారు, ఒక్కరైనా చూసుంటారు కదా అంది. పోలీసులు ఇనప రేకు అంటున్నారు, మా దగ్గర అదే లేదు, మంచు చూడటమే మొదటిసారి, బ్యాంకు కార్డుతో అద్దం గీకేవాడు అంది. నేను కాఫీ పోశాను.

కారు పెట్టిన సాయంత్రం అతను ఇంటికొచ్చి ఏమన్నాడో కూడా చెప్పింది. గాలికి ఎవరిదో కుర్చీ రోడ్డు మీదికి కొట్టుకొచ్చింది, దులిపి దగ్గర్లోని గుమ్మంలో పెట్టి వచ్చాను, ఏ ముసలమ్మ కూర్చునేదో ఏమో అన్నాడట. ఇక్కడి జనం మంచోళ్లే జనెల్, కొత్తవాళ్ల కోసం ఒక చోటు శుభ్రంగా తవ్వి ఉంచారు అన్నాడట.

నేనేమీ చూడలేదమ్మా అన్నాను.

జనవరి 17

భోజనాల దగ్గర యుసేబియోకి కుర్చీ సంగతి చెప్పాను. అయితే ఏంటి, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు అన్నాడు. రెండో దెబ్బ ఎందుకు కొట్టావు అని అడిగాను. నా మణికట్టు పట్టుకుని బల్ల అంచుకేసి తిప్పాడు. లోపల ఏదో విరిగింది. నువ్వు ఏ దెబ్బా చూళ్లేదు, ఒకటీ చూళ్లేదు, రెండూ చూళ్లేదు అన్నాడు. మెల్లగానే అన్నాడు. తర్వాత తనే గుడ్డ తెచ్చి కట్టాడు.

ఎడమ చేత్తో రాస్తున్నాను.

జనవరి 18

వేడ్ పోయాడు.

జనవరి 19

స్టేషనుకి నడిచి వెళ్లాను. కుళాయి దగ్గర మొదలుపెట్టి చెప్పాను. మొదటి దెబ్బ, రెండో దెబ్బ, తన్నడం. వంటింట్లో అందరికీ మాటలు కుదిర్చింది నేనేనని కూడా. ఆఫీసరు కట్టు వైపు చూసి, అమ్మా, రేపు మాట మార్చవు కదా, మీ వీధి అంతా వేరే చెబుతోంది, నువ్వు ఒక్కదానివే అన్నాడు. ఒక్కదాన్నే అన్నాను.

మూడింటికి యుసేబియోని తీసుకెళ్లారు. ఎలాదియోని కూడా. మెట్లు దిగుతూ యుసేబియో నా వైపు చూడలేదు. ఎలాదియో చూశాడు. ఈ వీధిలో ఎలా బతుకుతావో చూస్తా వదినా అన్నాడు. ఉమ్మాడు. నా చెంప మీద పడింది.

జనవరి 20

పొద్దున ముందు గది కిటికీలోంచి ఇటుక వచ్చింది. తర్వాత ఇంకొకటి. గాజు ఊడుస్తుంటే తలుపు తట్టారు. పొయ్యి మీది పెనం చేతిలోకి తీసుకుని తెరిచాను.

హలీనా. నైటీ మీద కోటు.

నాకు చెవుడు లేదు, స్టేషను ఎటు అంది.